మూడో నంబరు సీసా

3వ తారీకు

అత్తయ్యకి,

నీ మేనకోడలు వంగి నమస్కరించి రాస్తున్నది. వంగితే జుట్టంతా ముందుకొచ్చి కాగితాన్ని మూసేస్తోంది కాబట్టి నమస్కారం ఇంతటితో ఆపుతున్నాను.

నేను క్షేమం. నా జుట్టు మాత్రం ప్రమాదంలో ఉంది.

మా టీవీ ఆఫీసులో మూడేళ్ళుగా వాతావరణ వార్తలు రాసేది నేను, మ్యాపు ముందు నిలబడి చదివేది ఇంకొకావిడ అని నీకు తెలుసు కదా. ఆవిడ పురిటికి వెళ్తోంది. ఆ చోటు నాకిద్దామనుకుంటున్నారు. కానీ మా పెద్దాయన ఉన్నాడు చూడు, అందరం దువ్వెన సారంటాం, జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆయనకి దువ్వెన ఉంటుంది. నన్ను మ్యాపు ముందు నిలబెట్టి, "అమ్మాయ్, పడమటి ఊళ్ళేవీ?" అన్నాడు. పక్కకి జరిగాను. "ఇప్పుడు తూర్పు పోయింది" అన్నాడు.

చివరికి తేల్చిందేమిటంటే, ఇరవై అయిదో తారీకున నాకు పరీక్ష. పొద్దున ఏడు గంటల వార్తలూ, సాయంత్రం ఏడు గంటల వార్తలూ రెండూ నేనే చదవాలి. పొద్దున ఎలా ఉన్న తల సాయంత్రం అలాగే ఉండాలి. లేదంటే రోజూ మేకప్ అక్క దగ్గర కూర్చుని వేడి ఇస్త్రీ పెట్టించుకుని జుట్టు సాపు చేయించుకోవాలి. అదీ కాదంటే మళ్ళీ రాతబల్లే గతి. నాకా చోటు కావాలత్తా. నా జుట్టూ కావాలి.

మధ్యాహ్నం మళ్ళీ తలంటుకుందామంటే మన జుట్టు ఆరడానికి నాలుగు గంటలు పడుతుంది. అందుకని ఉంగరాల జుట్టుకోసమే రిఫ్రెషర్ స్ప్రేలని వస్తున్నాయి. తలంటక్కర్లేదు, పైపైన చల్లి చేత్తో నలిపితే అణగారిపోయిన ఉంగరాలు మళ్ళీ లేస్తాయట. నాలుగు కంపెనీలవి కొన్నాను. నాలుగూ నేనే గొప్పంటున్నాయి. నాకున్నది ఒక్క తల, అదీ రోజూ ఆఫీసుకి వెళ్ళాల్సిన తల. నానమ్మ జుట్టు వచ్చింది మన వంశంలో మనిద్దరికే. అందుకని సీసాలు నీకు పంపుతున్నాను. పేర్లు చూసి పక్షపాతం రాకూడదని లేబుళ్ళు పీకేసి 1, 2, 3, 4 అని రాశాను. ఒక్కోటి అయిదేసి రోజులు వాడి చెప్పు. ఫోను చేస్తే నువ్వెలాగూ "నోటిమాటకి రికార్డు ఉండదు" అంటావు, అందుకే ఉత్తరం.

నీ ఉంగరాల కోడలు

తా.క. మావయ్యకి చెప్పకు. గుండు నిమురుకుంటూ "నాకే ఇబ్బందీ లేదు" అంటాడు.


6వ తారీకు

చిరంజీవి మేనకోడలిని అత్తయ్య దీవించి రాయునది ఏమనగా,

సీసాలు నాలుగూ భద్రంగా చేరాయి. కింది వాటాలో ఉండే బస్సు కండక్టరు పైకి తెచ్చి ఇచ్చి, ఏమిటమ్మా ఇవి అన్నాడు. ప్రయోగశాల సరుకు అన్నాను. అబద్ధమేం కాదు. కాలేజీ రసాయనశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు సీసాలు చూసుకున్న మనిషిని. నాలుగు సీసాలూ ఒక రికార్డు పుస్తకమూ ఎక్కడుంటే అదే ప్రయోగశాల.

అయిదేసి రోజులన్నావు. అది పద్ధతి కాదు. సోమవారం గాలి వేరు, శుక్రవారం గాలి వేరు. పోల్చాలంటే అన్నీ ఒకే రోజు, ఒకే తల మీద జరగాలి. అందుకని నా తలని నాలుగు వాటాలు వేశాను. తూర్పు ముఖంగా కూర్చుంటే ఎడమ కణత ఈశాన్యం, అక్కడ 1. కుడి కణత ఆగ్నేయం, 2. కుడి వెనక నైరుతి, 3. ఎడమ వెనక వాయవ్యం, 4. సరిహద్దు తగాదాలు రాకుండా మధ్యలో రంగు క్లిప్పులు పెట్టాను.

పరీక్షలు మూడు. తలగడ పరీక్ష: మధ్యాహ్నం గంటసేపు పడక. ఫ్యాను పరీక్ష: ఫ్యాను కింద గంటసేపు కూర్చోవడం. బస్సు కిటికీ పరీక్ష: కండక్టరు బస్సులో చివరి స్టాపు దాకా కిటికీ పక్కన కూర్చుని వెళ్ళి, ఎదురు వరసలో కూర్చుని రావడం.

మొదటి ఫలితాలు: 1 నాలుగు గంటలు నిలబడింది, పరవాలేదు. 2 మెడ వెనక్కి కారి జాకెట్టు తడిపింది. 4 వాసన బాగుంది, కానీ బాల్కనీలో తేనెటీగలు రెండు నన్ను పువ్వనుకున్నాయి. 3 అన్నిటికన్నా అధ్వాన్నం. గంటలో జుట్టు కొబ్బరి పీచైంది.

ఇట్లు, అత్తయ్య

తా.క. మావయ్యకి చెప్పకు అన్నావు. నెత్తిన నాలుగు రంగుల క్లిప్పులతో కూరలు తరుగుతున్న మనిషి ఏం దాచగలదు? బేకరీలో నలభై ఏళ్ళు పిండి పిసికి రిటైరయ్యాక ఆయనకి పొద్దుపోవడం లేదు. "నాకూ ఓ వాటా ఇస్తావా?" అన్నాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకన్నాను.


8వ తారీకు

అత్తయ్యకి నమస్కారాలు.

నాలుగు వాటాలా! తల చూపించమంటే తల పంచిపెట్టావు. దువ్వెన సారుకి నాలుగు దిక్కులూ ఒకేలా ఉండాలత్తా, ఆయన కోరిక అదొక్కటే.

సరే, నీ పద్ధతి నీది. మూడో నంబరుని కొట్టేశాను. కొంచెం బాధేసింది, ఎందుకంటే పీకేసిన లేబుళ్ళలో మూడో దాని మీద బొమ్మలో ఉన్న అమ్మాయే అందరికన్నా బాగుంది. ఇక పోటీ ఒకటికీ నాలుగుకీ. తేనెటీగలు స్టూడియోలోకి రావు కాబట్టి నాలుగుకీ అవకాశముంది.

మేకప్ అక్క ఇవాళ ఇస్త్రీ పెట్టె నాకు చూపించింది. మంచి మనిషే. "నొప్పేమీ ఉండదమ్మా" అంది, పన్ను పీకే డాక్టరు చెప్పినట్టే.

నీ కోడలు

తా.క. బస్సులో క్లిప్పులు పెట్టుకునే వెళ్తున్నావా? వద్దు, జవాబు చెప్పకు.


13వ తారీకు

చిరంజీవి మేనకోడలికి దీవెనలు.

కొట్టేసిన మూడో నంబరుని మళ్ళీ రాసుకో. దిద్దడానికి ఎర్రసిరా వాడు.

తొమ్మిదో తారీకు నుంచీ నైరుతి తీరే మారిపోయింది. పొద్దున చల్లితే రాత్రి పడుకునేదాకా ఒక్క ఉంగరం విప్పుకోలేదు. తలగడ పరీక్షలో లేచి అద్దం చూసుకుంటే మూడు దిక్కులు చతికిలబడ్డాయి, నైరుతి మాత్రం ముస్తాబై కూర్చుంది. బస్సు కిటికీ పరీక్షలో వెనక సీటావిడ నా భుజం తట్టి, "ఏం రాస్తారండీ, ఈ ఒక్క వైపే?" అని అడిగింది. అయిదు రోజులు, అయిదుసార్లు, ఒకటే ఫలితం. 1కి పదకొండు గంటలకల్లా నీరసం. 2 ఇంకా కారుతోంది. 4ని తేనెటీగలకి వదిలేశాను.

ఇంకో మాట కూడా రాయాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రయోగశాలలో గ్యాసు దీపాల భయంతో జుట్టు బిగించి ముడేసుకున్నాను. ఉద్యోగం పోయినా ముడి పోలేదు. ఈ వారం రోజులే దాన్ని విప్పి ఉంచడం. మెడ వెనక గాలి తగులుతుంటే ఇంత హాయిగా ఉంటుందని మరిచేపోయాను.

ఇట్లు, అత్తయ్య

తా.క. మీ మావయ్యకి ఏమైందో తెలియదు. అయిదింటికే లేచి పొయ్యి దగ్గర ఏదో కలుపుతున్నాడు, ఏమిటంటే కషాయం అంటాడు. తాగగా నేను చూడలేదు. రోజూ కాఫీతో పాటు వచ్చి, "ఇవాళ నైరుతి ఎలా ఉంది?" అని అడుగుతున్నాడు. మిగతా దిక్కుల ఊసే లేదు.


15వ తారీకు

అత్తయ్యకి నమస్కారాలు.

కోప్పడనంటే ఒక మాట. ఆరో తారీకున కొబ్బరి పీచు, తొమ్మిదో తారీకున కిరీటం. సీసాలో మందు మూడు రోజుల్లో మనసు మార్చుకోదు కదా. నంబర్లేమైనా తారుమారయ్యాయేమో చూడు. ఒకటి చల్లి మూడు అని రాసి ఉంటావు. కళ్ళజోడు మార్చి ఎన్నాళ్ళైంది? ఎవరికైనా జరుగుతుంది.

నాకు పది రోజులే ఉన్నాయి. పోతే చోటైనా పోతుంది, జుట్టైనా పోతుంది. అందుకే ఇంతగా అడుగుతున్నాను.

నీ కోడలు

తా.క. కళ్ళజోడు మాట ఉత్తరం అంటించాక గుర్తొచ్చి భయమేసింది. విప్పి కొట్టేద్దామంటే గట్టిగా అంటుకుపోయింది. ఈ తా.క. కవరు వెనక రాస్తున్నాను, ముందు ఇది చూసుకో.


17వ తారీకు

గౌరవనీయులైన వాతావరణ వార్తల వారికి,

రిటైర్డు ప్రయోగశాల సహాయకురాలు తెలియజేయునది ఏమనగా,

మా కాలేజీలో ఆరు వందల ముప్పై సీసాలుండేవి. అందులో నీళ్ళలా కనిపించేవి నూట పది. వాటిలో తాగితే బతికేది ఒకటే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క సీసా తారుమారు కాలేదనడానికి సాక్ష్యం, ఆ పిల్లలందరూ ఇవాళ బతికుండటమే. అటువంటి మనిషి నాలుగు అత్తరు బుడ్లు కలగాపులగం చేసిందా? ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఎండలు కాస్తాయని రాసి వానలో తడిసి ఇంటికొచ్చిన వాళ్ళా నాకు చెప్పేది?

అయినా నీ తృప్తి కోసం సీసాల మూతలకి లక్క ముద్రలు వేశాను. పొద్దున పగలగొట్టడం, సాయంత్రం మళ్ళీ వెయ్యడం. కండక్టరుని సాక్షిగా సంతకం పెట్టమన్నాను, టికెట్టు వెనక పెట్టి ఇచ్చాడు. ఫలితం మారలేదు. మూడే మొదటిది. నంబరు తప్పలేదు, కళ్ళూ తప్పలేదు.

ఇట్లు, మీ విధేయురాలు (ఆరు నెలల కిందటే కళ్ళజోడు మార్చినది)

తా.క. కవరు వెనక చూసుకున్నాను. పోస్టుమాన్ కూడా చూసుకున్నాడు.
రెండో తా.క. మూడో నంబరు సీసా సమయానికి నేనే పంపుతాను.
మూడో తా.క. మీ మావయ్య ఈ గొడవ విన్న దగ్గర్నుంచీ అన్నం సరిగ్గా తినడం లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టున్నాడు, పాపం నిన్నెవరూ ఏమీ అనలేదయ్యా అన్నాను.


21వ తారీకు

అత్తయ్యకి, తల వంచుకుని రాస్తున్నాను.

ముందు క్షమాపణ. నీ లక్క ముద్రల సంగతి చదివాక నాకే సిగ్గేసింది. నిన్ను శ్రమ పెట్టడమెందుకని, నీ మాట మీద నమ్మకంతో, మూడో నంబరు ఏ కంపెనీదో నా దగ్గరున్న లేబులు చూసుకుని కొట్లో కొత్తది కొన్నాను. నిన్న రిహార్సలు. మధ్యాహ్నం తలంతా చల్లుకున్నాను. లైట్ల కింద పావుగంట నిలబడ్డాను.

పీచు, అత్తా. ఆరో తారీకున నువ్వు రాసిన పీచే. కుడివైపు జుట్టు కుడికి, ఎడమవైపు జుట్టు పైకి. కెమెరా అతను తల పక్కకి తిప్పుకుని నవ్వాడు. దువ్వెన సారు నవ్వలేదు, అదే ఇంకా బాధ. "ఇస్త్రీ పెట్టె సిద్ధంగా ఉంచండి" అని వెళ్ళిపోయాడు.

నిన్ను అనడం లేదు. ఒకే నానమ్మ జుట్టైనా నీ తల వేరు, నా తల వేరు అనుకుంటున్నాను. ఇరవై అయిదున మేకప్ అక్క దగ్గరికి ముందే వెళ్ళి కూర్చుంటాను. ఎదిగే కొద్దీ కొన్ని వదులుకోవాలంటారు కదా. ఈ వాక్యం రాస్తుంటే ఏడుపొచ్చింది, సిరా కారింది, క్షమించు.

నీ కోడలు

తా.క. ఇంత పిచ్చి సరుకుకి ఆ బొమ్మలో అమ్మాయి జుట్టెలా వచ్చిందంటావు?


23వ తారీకు

ఒసేయ్ పిల్లా,

దీవెనలు తర్వాత. ముందు విను. ఇస్త్రీ పెట్టె నీ తల ఛాయలకి రాకూడదు.

ఈ ఉత్తరంతో పాటు కండక్టరు చేతికి ఒక సీసా ఇస్తున్నాను. నా సీసా. మీ ఆఫీసు ముందే అతని బస్సు ఆగుతుంది. రాగానే ఫ్రిజ్‌లో పెట్టు. మూడు రోజుల్లో వాడేయాలి. ఇరవై అయిదున పొద్దున తలంటుకుని తడి మీద ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఇంకోసారి చల్లుకుని వేళ్ళతో నలుపు. దువ్వకు. కొట్లో కొన్న మూడో నంబరుని పారబొయ్యి. ఇదీ మూడే కదా, తేడా ఏమిటని అడగకు. అడిగినా జవాబు రాయను.

నేనే ముడి విప్పుకుని తిరుగుతుంటే నువ్వు సాపు చేయించుకుంటావా? జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనంటారు. నాకు అరవై మూడేళ్ళొచ్చాక తెలిసింది, కొప్పే పెట్టకపోయినా అందమే.

ఇట్లు, అత్తయ్య

తా.క. సీసా మూత బిగించింది మీ మావయ్య. నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాడు. బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాడు.


26వ తారీకు

అత్తా! అత్తా! అత్తా!

నమస్కారాలు మూడు, లెక్క సరిపోయింది.

నిన్న పొద్దున ఏడింటికి చదివాను. బాగానే ఉంది, పొద్దున ఎవరి తలైనా బాగానే ఉంటుంది. మూడింటికి బాత్రూములో తలుపేసుకుని నీ సీసా చల్లుకున్నాను. బయట వాన పట్టింది. సాయంత్రానికి గాలిలో తేమ తొంభై శాతం, ఆ సంగతి చదవాల్సింది నేనే. మేకప్ అక్క ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి తలుపు దగ్గరే కూర్చుంది.

"తేమ తొంభై శాతం" అని నేను చదువుతుంటే నా ఉంగరాలు ఒక్కటి కూడా కదలలేదత్తా. నాలుగు దిక్కులూ నైరుతే!

వార్తలయ్యాక దువ్వెన సారు వచ్చి, పొద్దున తీసిన ఫోటో ఒక చేత్తో పట్టుకుని నా తల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనకాల కూడా చూశాడు. జేబులో దువ్వెన తీశాడు, మళ్ళీ పెట్టేసుకున్నాడు. "మరి పడమటి ఊళ్ళు?" అంది మేకప్ అక్క, గుర్తు చేస్తూ. ఆయన మ్యాపు వైపు తిరిగి, "ఆ మ్యాపుని రెండడుగులు అటు జరపండి" అన్నాడు.

ఆ చోటు నాదే. మేకప్ అక్క ప్లగ్గు పీకేసి నన్ను కావిలించుకుంది. ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది: నా తల వాసన చూసి, "ఇది కొట్లో సరుకు కాదు, వంటింటి వాసనొస్తోంది" అంది. జవాబు రాయనన్నావు కాబట్టి అడగడం లేదు, ఊరికే చెబుతున్నాను. కానీ సీసా అయిపోయింది, రేపట్నుంచి రోజూ వార్తలు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?

నీ మ్యాపు జరిపించిన కోడలు

తా.క. మావయ్యతో కూడా చెప్పు. ఆయనకి పట్టదనుకో, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు ఉంటుంది. అయినా చెప్పు.


28వ తారీకు

చిరంజీవి కోడలు పిల్లకి మావయ్య ఆశీస్సులు.

నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించు. పిండిలో అయితే తప్పు చెయ్యను.

మీ అత్తయ్యకి తెలియకుండా రాస్తున్నాను, నువ్వూ తెలియనివ్వకు. ఎనిమిదో తారీకు సాయంత్రం ఆవిడ లేనప్పుడు, ఈ మందులో ఏముందో చూద్దామని మూడో సీసా మూత తీసి గుండు మీద చల్లుకున్నాను. చెయ్యి జారింది. సీసా బోర్లా పడింది. మొత్తం నేలపాలు.

మీ అత్తయ్యేమో ముప్పై ఒక్క ఏళ్ళు సీసా పగలనివ్వని మనిషి. నీళ్ళు పోద్దామా అంటే అది కాస్త జిగురుగా ఉండేది, పట్టేస్తుంది. బేకరీలో రొట్టెల మీదికి అవిసె గింజలు ఉడకబెట్టేవాళ్ళం, ఆ నీళ్ళు సరిగ్గా అలాగే జిగటగా ఉంటాయి. గుప్పెడు అవిసెలు ఉడికించి, పల్చటి గుడ్డలో వడగట్టి, చల్లార్చి పోశాను. ఒక్క రోజు గండం గడిస్తే చాలనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మీ అత్తయ్య బస్సు దిగి వస్తోంది. వెనకవైపు జుట్టు ఒక పక్క ఎగురుతోంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ అలాగే ఉండేది. ముడి వేసుకున్నాక ముప్పై ఏళ్ళు ఆ మనిషి కనబడలేదు. ఇక ఆపబుద్ధి కాలేదమ్మా. అవిసె నీళ్ళు ఫ్రిజ్ బయట రెండు రోజులకి మించి నిలవుండవు, అందుకని రోజు విడిచి రోజు తెల్లవారే లేచి కొత్తవి చేసి పోశాను. ఆవిడ లక్క ముద్రలు వేశాక, వాటిని కరిగించి మళ్ళీ అతికించడానికి ఎంత కష్టపడ్డానో నాకూ కొవ్వొత్తికీ తెలుసు.

నువ్వు గెలిచింది నా వంటింటి నీళ్ళతో. నీ సీసాలు నేను నింపుతాను, నువ్వు చదివినన్నాళ్ళూ కండక్టరు చేత పంపిస్తాను. ఒక్కటే కోరిక. అత్తయ్యకి చెప్పకు. రికార్డు తప్పైందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు.

ఇట్లు, జుట్టు లేని మావయ్య

తా.క. గుండు మీద కూడా చల్లి చూశాను. దేనికీ పనికిరాలేదు.

ఇంకో తా.క. ఇది మీ అత్తయ్య చేతిరాత. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని మీ మావయ్య కండక్టరుకిచ్చాడు. కండక్టరు తెచ్చి నా చేతికిచ్చాడు, సాక్షి సంతకం పెట్టినవాడు నావైపే కదా. కవరు మైదా పిండితో అంటించాడు, ఇంకా ఆరలేదు. మళ్ళీ నేనే అంటించి పంపుతున్నాను.

నా రికార్డు పుస్తకంలో తొమ్మిదో తారీకు పేజీ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "సీసా 3. రంగు మారింది. వాసన: అవిసె గింజలు. నేల: తుడిచినట్టుంది, నా మంచి తువ్వాలుతో. చేసినవాడు: ఇంట్లో ఇంకొకరు లేరు. అడగాలా? అక్కర్లేదు. కాఫీ ఇస్తూ నా జుట్టెలా ఉందని అడిగాడు. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఇది మొదటిసారి. ప్రయోగం కొనసాగించాలి."

ఇవాళ పొద్దున కూడా అడిగాడు, నైరుతి ఎలా ఉందని. మిగతా మూడు దిక్కులూ అలిగాయి, "వాటికీ నీ చేత్తోనే చల్లు" అన్నాను. చల్లుతున్నాడు.

నాకు తెలుసని ఆయనకి తెలియదు. నువ్వూ చెప్పకు.